లాన్‌లో మొలిచింది గడ్డేనా? పీకినకొద్దీ వస్తోంది, చూసి చెప్పండి

అల్వాల్ అనిత | జూన్ 28, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదువుకుంటూ కూర్చున్నాను, ఇవాళ అడగక తప్పడం లేదు.

జనవరిలో ఇంటి ముందు 600 చదరపు అడుగుల్లో లాన్ వేయించాం. నర్సరీ వాళ్లు ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి పోసి, పైన మెక్సికన్ గడ్డి పలకలు పరిచి వెళ్లారు. మే నెలాఖరు దాకా చూడముచ్చటగా ఉంది. రెండు వానలు పడ్డాయో లేదో, ఎక్కడ చూసినా వేరే గడ్డి. ఆదివారం మిషన్ కొట్టిస్తే బుధవారానికల్లా లాన్‌ని దాటి నాలుగు వేళ్ల ఎత్తు పెరుగుతోంది. మా అత్తయ్య రోజూ పొద్దున్నే పీట వేసుకుని పీకుతున్నారు. పీకిన చోట రెండు లేస్తున్నాయి. మా వారేమో ‘గడ్డిలో గడ్డి మొలిస్తే బాధేంటి, అదీ పచ్చగానే ఉందిగా’ అంటారు.

నాలుగు ఫోటోలు పెట్టాను. మందుల దుకాణంలో అడిగితే ‘గడ్డి మందు ఉంది, కొట్టేయండి’ అన్నాడు. తెచ్చేయమంటారా?

నాగోల్ శీను | జూన్ 28, ఉదయం 7:32

మా ఇంట్లోనూ ఇదే రామాయణం. ఫాలో అవుతున్నా.

మియాపూర్ వంశీ | జూన్ 28, ఉదయం 8:05

అనితగారూ, ఆ మందు తేవద్దు. తెచ్చుంటే మూత తీయొద్దు. పోయినేడాది నేను ఆ పనే చేశాను.

నాకిచ్చింది క్విజలోఫాప్. వేరుశనగ, సోయా, పత్తి లాంటి వెడల్పాకు పైర్లలో గడ్డి జాతి కలుపును చంపే మందు అది. మన లాన్ కూడా గడ్డి జాతే కదా అన్న ఆలోచన అమ్మినవాడికీ రాలేదు, కొన్న నాకూ రాలేదు. వారం దాకా ఏమీ కనపడలేదు. తర్వాత లాన్ పసుపు తిరిగింది. మొవ్వు పట్టుకుని మెల్లగా లాగితే ఊడి చేతికొచ్చింది, మొదట్లో గోధుమ రంగుకి కుళ్లిపోయి ఉంది. అసలు తమాషా ఏంటంటే, నేను దేని కోసం కొట్టానో అది మాత్రం నిగనిగలాడుతూ నిలబడింది. ఎండిపోయిన లాన్ మధ్యలో పచ్చగా అదొక్కటే. అప్పుడు తెలిసింది, అది గడ్డి కాదు, తుంగ అని.

మీ రెండో ఫోటోలో ఉన్నది అచ్చం అదే.

రాజేంద్రనగర్ పీజీ | జూన్ 28, ఉదయం 9:20

వంశీగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను అగ్రానమీ చదువుతున్నాను, కలుపు మొక్కలే నా సబ్జెక్టు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మేడమ్, మీ ఫోటోల్లో కనీసం మూడు వేర్వేరు మొక్కలున్నాయి. మూడింటికీ ఒకే మందు లేదు. ఫోటో చూసి తేల్చేయడం కంటే మీరే చేత్తో పట్టుకుని చూస్తే బాగుంటుంది. ఒక్కోటి వేరుతో సహా తీసి, వంటింట్లో తెల్ల పళ్లెంలో పెట్టుకుని చూడండి.

మొదట కాడని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించండి. నున్నగా దొర్లకుండా మూడు పలకలుగా ఆగి ఆగి తిరిగితే అది తుంగ. అడ్డంగా కోసి చూస్తే త్రికోణం స్పష్టంగా కనిపిస్తుంది, లోపల గుల్ల ఉండదు. ఆకులు మూడు దిక్కులకు వస్తాయి. అసలైన గడ్డికి ఆకులు రెండు వైపులకే వస్తాయి, కాడ గుండ్రంగానో చదునుగానో ఉండి కణుపులు తగులుతాయి. తుంగ పూకాడ మీద కణుపే ఉండదు.

రెండోది, ఆకు కాడని చుట్టుకునే చోటు ఉంటుంది కదా, అక్కడ ఆకుని మెల్లగా వెనక్కి వంచి చూడండి. ఆ మడతలో సన్నటి తెల్ల వెంట్రుకల వరస ఉంటే గరిక. అక్కడ పొర గానీ వెంట్రుకలు గానీ ఏమీ లేకుండా బోసిగా ఉంటే ఊద గడ్డి. ఊదలో చాలాసార్లు ఆకుకి అడ్డంగా ఊదారంగు పట్టీలు కూడా కనిపిస్తాయి.

మీ నాలుగో ఫోటోలో గేటు దగ్గర నేలకి కరుచుకుని చక్రంలా పరుచుకున్నది, మొదట్లో వెండిలా తెల్లగా ఉన్నది, రాగికి దగ్గరి చుట్టం. కొందరు తిప్పరాగి అంటారు. కంకి వేస్తే చిన్న రాగి కంకిలాగే చేతి వేళ్లలా విచ్చుకుంటుంది. అక్కడే ఎందుకు మొలిచిందో చెప్పనా? మీరు రోజూ అక్కడ నడుస్తారు, బండి తిప్పుతారు. నేల గట్టిపడింది. లాన్ వేరు దిగలేని చోట అది హాయిగా బతుకుతుంది.

అల్వాల్ అనిత | జూన్ 28, మధ్యాహ్నం 1:45

పళ్లెంలో పెట్టి చూశాను! రెండో ఫోటోది మూడు పలకలే. కాడ దొర్లించమంటే మా అత్తయ్యకి భలే సరదాగా ఉంది, పీకిందల్లా దొర్లించి ‘ఇది తుంగ, ఇది కాదు’ అని రెండు కుప్పలు పోస్తున్నారు. తుంగ కుప్పే పెద్దది. పోర్టికో పక్కన పాకుతున్నదానికి తెల్ల వెంట్రుకలున్నాయి, గరికే. గేటు దగ్గరది పీకడానికి నా బలం సరిపోలేదు, ఆకులు తెగి చేతిలోకొచ్చాయి.

మరి తుంగ పీకితే ఎందుకు పోవడం లేదు?

పాలమూరు పిలగాడు | జూన్ 28, సాయంత్రం 6:15

అక్కా, నేను పదేండ్ల సంది లాన్ల పనే చేస్తున్న. తుంగ గురించి నన్నడుగు.

పైన పీకితె తుంగకు ఏం గాదు. ఒక్కసారి కుర్పి దీస్కొని జానెడు లోతు తవ్వి సూడు. నల్లగ, శనిగె గింజంత దుంపలు కనవడ్తయి. ఒక్కదానికి దారం లెక్క సన్నటి వేరుంటది, ఆ దారం పట్టుకపోతె ఇంకో దుంప, ఆడికెల్లి ఇంకోటి. పూసల దండ గుచ్చినట్టు ఉంటయి. నువ్వు పైన లాగితె ఆ దారం తెగుతది. తెగినంక నిద్రవోయిన దుంపలన్ని లేస్తయి. గందుకే ఒకటి వీకితె రెండు లేస్తున్నయి.

ఇంకో మాట. గిది నీ లాన్‌ల పుట్టింది గాదు. ఎర్రమట్టి ట్రాక్టర్‌ల వచ్చింది, లేకుంటె గడ్డి పలకలల్ల వచ్చింది. మట్టి దింపెటప్పుడు జల్లెడ వట్టి సూస్కోవాలె. ఎవ్వరు సూడరు.

బోడుప్పల్ బాబాయ్ | జూన్ 28, రాత్రి 8:50

పిల్లవాడు బాగా చెప్పాడు. నేను రిటైరై ఆరేళ్లయింది, పని లేక ఒకసారి అడుగు పొడవు, అడుగు వెడల్పు గీసుకుని, జానెడు లోతు మట్టి తవ్వి నీళ్ల బకెట్లో కడిగి లెక్కపెట్టాను. 43 దుంపలు తేలాయి. పైన కనిపించిన మొక్కలు 9. అంటే మనం యుద్ధం చేస్తున్నది ఆ తొమ్మిదితో కాదన్నమాట.

ఒక దుంప గోరుతో గిల్లి వాసన చూడమ్మా. కర్పూరం కలిసినట్టు ఘాటుగా ఉంటుంది. తుంగముస్తలని ఆయుర్వేదం కొట్లో డబ్బిచ్చి కొనుక్కునేది వీటినే. మా చిన్నప్పుడు ఊళ్లో చెరువు గట్టు మీద అడవి పందులు రాత్రికి రాత్రి దున్నిపోసేవి, ఈ దుంపల కోసమే. అడవి పంది కంటే మంచి కలుపు మనిషి లేడు గానీ అల్వాల్‌లో పెంచుకోనివ్వరు.

నాగోల్ శీను | జూన్ 28, రాత్రి 9:02

బాబాయ్, మా కాలనీ అసోసియేషన్ కుక్కనే పెంచుకోనివ్వడం లేదు.

మిద్దెతోట ఉమ | జూన్ 29, ఉదయం 6:40

ఇంట్లో పిల్లలు ఆడే చోట మందుల మాటెందుకండీ? ఉప్పు నీళ్లు పోయండి, లేదా వెనిగర్ కొట్టండి. నేను మిద్దె మీద కుండీల మధ్య సందుల్లో వచ్చే గడ్డికి వెనిగరే వాడతాను, మధ్యాహ్నానికి మాడిపోతుంది.

రాజేంద్రనగర్ పీజీ | జూన్ 29, ఉదయం 8:10

ఉమగారూ, కాంక్రీటు సందులో వెనిగర్ పనిచేస్తుంది. లాన్‌లో మాత్రం తగిలిన ఆకునల్లా మాడుస్తుంది, లాన్ ఆకు కూడా అందులోకే వస్తుంది. తుంగకైతే ఆకు మాడినా దుంపకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఉప్పు మాత్రం వద్దే వద్దు. అది మట్టిలో ఉండిపోతుంది. అసలే మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, పై నుంచి మనం కూడా పోస్తే ఆ చోట ఏదీ మొలవదు. తుంగే ముందు మొలుస్తుందేమో కూడా!

మిద్దెతోట ఉమ | జూన్ 29, ఉదయం 8:31

సరే, ఉప్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మందుల మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

మియాపూర్ వంశీ | జూన్ 29, ఉదయం 9:15

ఇంకో మాట. కొందరు గ్లైఫోసేట్ కొట్టమంటారు. అది పచ్చగా ఉన్న దేన్నీ వదలదు, లాన్ మొత్తం పోతుంది. పైగా దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని, మనలాంటి వాళ్లు సొంతంగా కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే ఇంకో గడ్డి మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. పొరపాటున కడుపులోకి పోతే విరుగుడు లేని మందు, ఇంటి గడప లోపలికి రానివ్వొద్దు.

అల్వాల్ అనిత | జూన్ 29, రాత్రి 9:30

మా ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, కాబట్టి ఉమగారి మాట నాకూ నచ్చింది. కానీ 600 అడుగులూ తవ్వి దుంపలు ఏరడం మా అత్తయ్య మోకాళ్లతో అయ్యే పని కాదు. పీజీగారూ, లాన్ చావకుండా తుంగ ఒక్కటే చచ్చే మందు ఉందా లేదా? ఉంటే ఉందని చెప్పండి, కొట్టాలా వద్దా నేను ఆలోచించుకుంటాను.

రాజేంద్రనగర్ పీజీ | జూన్ 29, రాత్రి 10:45

ఉంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్, 75 శాతం గుళిక పొడి. చెరకులో తుంగకి వాడతారు. ఆకు మీద పడితే మొక్క లోపలికి దిగి దుంప దాకా పోతుంది, దాని ప్రత్యేకత అదే. జోయిసియా (మెక్సికన్ గడ్డి మామూలుగా ఈ జాతే), గరిక జాతి లాన్‌లు దీన్ని తట్టుకుంటాయి. అయితే మన దగ్గర దాని లేబుల్ మీద ఉండేది పంటల పేర్లే, ఇంటి లాన్ కాదు. ఆ సంగతి తెలిసే నిర్ణయం తీసుకోండి. నర్సరీల్లో మెక్సికన్ అని చెప్పి ఏది ఇచ్చారో కూడా గ్యారంటీ లేదు. అందుకని ముందు ఎవరికీ కనపడని ఒక మూల రెండడుగుల మేర మాత్రమే కొట్టి, రెండు వారాలు చూడాలి.

ఇప్పుడు లెక్క చూడండి, అందరూ తప్పేది ఇక్కడే. మోతాదు ఎకరాకు 36 గ్రాములు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మీ 600 అడుగులకి ఎంత? అర గ్రాము. అక్షరాలా అర గ్రాము! టీ చెంచాతో వేస్తే ఎన్నో రెట్లు ఎక్కువ పోసిన పాపం మూటగట్టుకున్నట్టే. బంగారం తూచే చిన్న కాటా ఉంటేనే ముట్టుకోండి. రెండు, రెండున్నర లీటర్ల నీళ్లలో కలిపి, దాంతో పాటు అంటుకునే జిగురు మందు కలపాలి, తుంగ ఆకు నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు జారిపోతాయి.

తుంగకి మూడు నుంచి ఐదు ఆకులున్నప్పుడు కొట్టాలి. కొట్టే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మిషన్ పెట్టొద్దు. ఆకు లేకపోతే మందు ఎక్కడి నుంచి దిగుతుంది? మబ్బు పట్టిన రోజు వద్దు. గ్లవ్స్, మాస్కు, చెప్పులు కాదు బూట్లు. పాపని ఆ వైపు రానివ్వొద్దు. వారం దాకా ఏమీ కనపడదు, కంగారుపడి రెండోసారి కొట్టేయకండి. రెండు మూడు వారాలకి పసుపు తిరిగి ఎండుతుంది. నిద్రలో ఉన్న దుంపలు తర్వాత మళ్లీ లేస్తాయి, ఒక్కసారితో అయిపోతుందని మాత్రం అనుకోవద్దు.

బోడుప్పల్ బాబాయ్ | జూన్ 30, ఉదయం 6:20

అర గ్రాము కోసం 36 గ్రాముల పొట్లం కొని, మిగతా 35న్నర ఎక్కడ దాస్తాం? పిల్లలున్న ఇంట్లో నాకదే భయం. నేను మందు లేకుండా లాక్కొచ్చాను, రెండేళ్లు పట్టింది. చేసింది పెద్ద విద్యేం కాదు. తుంగ తలెత్తిన ప్రతిసారీ, పది పన్నెండు రోజులకోసారి, అది పెద్దదయ్యే లోపు నేల లోపలికంటా కోసేయడం. ఆకు వేసిన ప్రతిసారీ దుంప తన తిండి తానే ఖర్చుపెట్టుకుంటుంది. తిరిగి కూడబెట్టుకునే టైం ఇవ్వకపోతే చిక్కిపోతుంది. ఒక్క నెల అశ్రద్ధ చేశామా, మళ్లీ మొదటికే.

తవ్విన దుంపలు చెత్తబుట్టలో, ఎరువు గుంటలో వేయొద్దు. తాండూరు బండ మీద పల్చగా పోసి రెండు వారాలు మండే ఎండలో ఎండబెట్టండి. తడి ఆరితే చస్తుంది. కానీ ఇప్పుడు వానాకాలం కదా, ఎండేదెక్కడ? నేను డబ్బా మూతలో పోసి కారు బానెట్ మీద పెట్టేవాణ్ని. మీ పిన్ని ‘కారుకి దిష్టి తీస్తున్నారా’ అనేది.

పాలమూరు పిలగాడు | జూన్ 30, మధ్యాహ్నం 12:40

బాబాయ్ చెప్పింది మంచి పని. గని నీళ్ల సంగతి ఎవ్వరు ఎత్తలే. అక్కా, రోజు పొద్దుమాపు పైపు వెడుతున్నవా? తుంగకు తడి అంటే పానం. వానలు వడ్తున్నప్పుడు పైపు బంద్ జెయ్యి. ఎండకాలంల గూడ లాన్‌కి రోజు గింతంత గింతంత పొయ్యద్దు, వారానికి రెండు మూడు సార్లు వేరు దాక దిగెటట్టు పొయ్యాలె. ఏడ నీళ్లు నిలుస్తయో ఆడ్నే తుంగ ముందు లేస్తది, సూడు కావాలంటె.

ఇంకోటి. మీ దగ్గర గడ్డి కోసెటోడు మిషన్ ఏడికెల్లి తెస్తడు? పొద్దున ఒక ఇంట్ల కోసి అట్లనే నీ ఇంటికొస్తడు. ఆ ఇంటి ఊద కంకి, తిప్పరాగి గింజలు బ్లేడుకు, చక్రాలకు అంటుకొని నీ లాన్‌ల రాల్తయి. పైపుతోని కడిగినంకనే లోపలికి రానియ్యి. నన్నుగూడ గట్లనే అను, నేనేం అనుకోను.

మరీ నున్నగ గీకద్దు. చానామంది ‘తమ్మీ, నెల దాక మల్ల పిలవద్దు, మంచిగ కిందికి గొట్టు’ అంటరు. గీకితె మన్ను తేలుతది, ఎండ తగుల్తది, గింజలన్ని మొలుస్తయి. ఉన్న ఎత్తుల మూడోవంతు కంటె ఎక్కువ తియ్యద్దు.

అల్వాల్ అనిత | జూలై 1, ఉదయం 7:00

అమ్మో, మేము అన్నీ తప్పులే చేశాం. రోజూ రెండు పూటలా నీళ్లు, మిషన్ అయితే ‘కిందికి కొట్టు’ అని నేనే అన్నాను.

బాబాయిగారూ, మీ పద్ధతే పడతాం. మందు ప్రస్తుతానికి వద్దనుకున్నాం, పొట్లం దాచే విషయం విన్నాక మా వారు కూడా వద్దన్నారు. గేటు దగ్గరదీ, ఊదా ఎలా?

రాజేంద్రనగర్ పీజీ | జూలై 1, ఉదయం 9:40

అవి రెండూ గింజతో మొలిచి, గింజ రాల్చి చచ్చిపోయే ఏడాది మొక్కలు. దుంప లేదు. కంకి రాకముందే పీకేస్తే ఆ మొక్క కథ కంచికి వెళ్లినట్టే. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు కుర్పి మొన మొదట్లోకి గుచ్చి, కాస్త తిప్పి లేపండి. మీరు లాగితే తెగింది గట్టినేల వల్ల. కంకి వచ్చేసి ఉంటే ముందు కంకిని కవర్లో పెట్టి కోసి, తర్వాత మొక్క తీయండి.

గేటు దగ్గర ముళ్ల పారతో రంధ్రాలు గుచ్చి, కాస్త ఇసుక, బాగా చివికిన ఎరువు నింపండి. పచ్చి పెంట వద్దు, అందులో పశువు తిన్న గడ్డి గింజలు బతికే ఉంటాయి. నడిచే దారిలో నాలుగు బండలు పరిస్తే ఇంకా మేలు.

గింజ మొలవకుండా ముందే వేసే పెండిమిథాలిన్ లాంటివి ఉన్నాయి. అవి తొలకరికి ముందు వేయాలి, మొలిచాక దండగ. తుంగ దుంప మీద పనిచేయవు. కొత్తగా పరిచిన లాన్ మీద వేస్తే దాని వేర్లే దిగవు.

మియాపూర్ వంశీ | జూలై 1, ఉదయం 10:05

పెండిమిథాలిన్ నేను వేశాను ఈ మే నెలలో. పనిచేసింది, ఊద చాలా తగ్గింది. కానీ చేతిపంపు కారి నడకదారి తాండూరు బండల మీద పడింది. పసుపు మరకలు. రుద్దాను, సర్ఫ్ వేశాను, యాసిడ్ జోలికి వెళ్లబోతే మా ఆవిడ ఆపింది. వచ్చినవాళ్లంతా ‘పసుపు నీళ్లు చల్లారా, ఏం శుభకార్యం?’ అని అడుగుతున్నారు.

నాగోల్ శీను | జూలై 1, ఉదయం 10:20

లాన్‌ని చంపినాయన, బండలకి పసుపు రాసినాయన ఒకరేనా! అన్నా, ఈసారి ఏ పని మొదలుపెట్టినా ముందు ఇక్కడ చెప్పు.

అల్వాల్ అనిత | ఆగస్టు 10, రాత్రి 8:15

నలభై రోజులైంది, ఎలా ఉందో చెబుదామని వచ్చాను.

ఊద దాదాపు లేదు. గేటు దగ్గర నాలుగు బండలు వేశాం. తుంగ ఉంది, కానీ సన్నబడింది. మొదట్లో కోస్తే నాలుగో రోజుకి లేచేది ఇప్పుడు వారం తీసుకుంటోంది, ఆకు కూడా దారంలా వస్తోంది. అత్తయ్య క్యాలెండర్‌లో ఏకాదశుల పక్కన ‘తుంగ’ అని రాసుకున్నారు, పదిహేను రోజులకోసారి మర్చిపోకుండా. పది రోజులకే కోయాలని చెప్పాను. ‘అయితే పంచమికి కూడా రాస్తా’ అన్నారు.

గరిక మాత్రం పోర్టికో వైపు నుంచి మూడడుగులు లోపలికి వచ్చేసింది. దీనికేం చేయాలి?

రాజేంద్రనగర్ పీజీ | ఆగస్టు 10, రాత్రి 9:50

లాన్‌ని వదిలి గరికని మాత్రమే చంపే మందు మీకు చెప్పలేను మేడమ్. పైన తీగ, కింద వేరు తీగ, రెండు రకాలుగానూ పాకుతుంది. చిన్న ముక్క మిగిలినా చాలు. అంచున ఇటుకలు జానెడు లోతుకి నిలువుగా పాతి హద్దు కట్టండి, లోపలికి వచ్చిన తీగని కణుపు కణుపుకీ వెంటపడి తీయండి. లేదా దాన్ని అలాగే ఉండనివ్వండి. గరిక కలుపు అనేది మీరు అక్కడ వేరే గడ్డి కోరుకున్నారు కాబట్టి. ఎన్నో మైదానాల్లో పచ్చిక గరిక జాతే. ఎండకి, తొక్కుడికి మీ మెక్సికన్ కంటే అదే ఆగుతుంది.

మిద్దెతోట ఉమ | ఆగస్టు 11, ఉదయం 6:30

ఈ ఒక్క పోస్టుకి పీజీగారికి నా లైకు.

అల్వాల్ అనిత | చవితి ముందు రోజు, సాయంత్రం 5:20

ఇటుకలు పాతించాం, కానీ హద్దుకి ఇవతల పోర్టికో పక్క మూడడుగులు గరికకే వదిలేశాం. అత్తయ్య పట్టుబట్టారు. పొద్దున్నుంచి కాలనీ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి ‘ఆంటీ, పత్రిలోకి కాస్త గరిక’ అంటున్నారు. అత్తయ్య రెండేసి పోచలు కలిపి తుంచి, తడిగుడ్డలో చుట్టి ఇస్తున్నారు. ఎదురింటి అబ్బాయి మాత్రం మేము చూడకుండా లాన్‌లోంచి గుప్పెడు పీక్కుని వెళ్తున్నాడు. అత్తయ్య గేటు దాకా పరుగెత్తి, వాడి చేతిలోది లాక్కుని కాడ దొర్లించి చూసి, ‘ఒరే, ఇది తుంగరా’ అన్నారు.

తుంగ అయితే పీక్కోనివ్వాల్సింది అన్నాను నేను. ‘దుంప లోపలే ఉండిపోయిందే’ అన్నారావిడ, కుర్పి కోసం వెళ్తూ.